తుంగ పీకిన చేతులు

నగరంలో పార్కుల పని చూసే విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అమీర్‌పేటలో మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి మా సందు వెతుక్కోవడమే వాళ్ళకు మొదటి పరీక్ష. అది పాసైనవాళ్ళకు టీ ఇస్తాను. "మేడమ్, మీ అనుభవం చెప్పండి" అంటారు. అనుభవం ఏదో జాడీలో ఊరబెట్టిన ఆవకాయ అయినట్టూ, గరిటె ముంచి తీయడమే తరువాయి అయినట్టూ నా మొహం వైపు చూస్తారు.

టీ తాగేలోపు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ ఎలా వస్తుంది, ఫైలు ఎలా కదులుతుంది అన్నవి ఇందులో ఉండవు. అవి నాకు తెలియవని నేను రిటైరైన హోదా చూస్తేనే తెలుస్తుంది.

నా ఉద్యోగం గురించి సూటిగా చెప్పాలంటే, మొక్కలు పెంచుదామని చేరాను, మొక్కలు పీకిస్తూ దిగిపోయాను. అందులోనూ ఎక్కువగా పీకించింది ఒక్క మొక్కనే. తుంగ. "ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి ఏం పీకావు?" అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన ఉద్యోగిని బహుశా నేనొక్కదాన్నే.

శత్రువు పరిచయం

తుంగ గడ్డిలాగే ఉంటుంది, కానీ గడ్డి కాదు. కాడ తెంపి వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా జారిపోతుంది, ఇది ఆగి ఆగి తిరుగుతుంది. ఆకు నిగనిగలాడుతుంది. లాన్ కోసిన మర్నాడే మిగతా గడ్డి కన్నా పైకి తల ఎత్తి నిలబడుతుంది, క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా.

అసలు సంగతి మట్టి కింద ఉంటుంది. వేరుకు వేరుశనగ గింజంత గడ్డ. పైన నల్లటి పొర, లోపల తెలుపు. ఆ గడ్డ నుంచి దారంలాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, అక్కణ్ణుంచి మరొకటి. భూమిలో ఎవరో దండ గుచ్చి దాచుకున్నట్టు. పైన మొక్కను లాగితే దారం తెగి, దండ కిందే ఉండిపోతుంది. వారం తిరక్కుండా ఒకటి పీకినచోట మూడు లేస్తాయి.

గడ్డను గోటితో చిదిమితే కర్పూరం, వాన పడ్డ మట్టి కలిసిన వాసన వస్తుంది. పల్లెల్లో దీన్ని ఉడకబెట్టుకుని, కాల్చుకుని తింటారు. ఎండబెట్టి దంచి పసిపిల్లల నలుగుపిండిలో కలుపుతారు. మా కాలేజీ పుస్తకంలో మాత్రం దీన్ని ఎలా చంపాలో తప్ప ఇంకేమీ రాసి లేదు. ఆ పాఠం నేను బాగా చదివాను.

తుంగ మీద నిలబడ్డ రోజు

నా మొదటి పై అధికారి విశ్వనాథం గారు. గోదావరి వైపు మనిషి. లాన్ మీద అడుగుపెట్టే ముందు గుడి ముందు విడిచినట్టు చెప్పులు విడిచేవారు. "అమ్మాయ్, గడ్డి అంటే గడ్డిలా ఉండాలి. మధ్యలో ఆ కొమ్ములేంటి?" అనేవారు. కొమ్ములంటే తుంగ.

అమీర్‌పేటలో ఒక చిన్న పార్కు కొత్తగా తెరుస్తున్నాం. నర్సరీ నుంచి కార్పెట్ గడ్డి తెప్పించి పరిచాం. దాని కింద మట్టిలో ఎవరున్నారో మేం అడగలేదు. ప్రారంభం ముందు మంచి వాన పడింది. తెల్లారి వెళ్ళి చూస్తే కార్పెట్‌ను పొడుచుకుని ఎక్కడికక్కడ తుంగ. పీకితే గుంటలు కనిపిస్తాయి, కోస్తే మొదళ్ళు పసుపుపచ్చగా కనిపిస్తాయి. పెద్దమనుషుల కార్లు వచ్చేస్తున్నాయి.

విశ్వనాథం గారు కాసేపు కళ్ళు మూసుకుని, "తొక్కండి" అన్నారు.

"ఏంటి సార్?"

"తలా ఒక దుబ్బు మీద నిలబడండమ్మా. ఫొటోలు అయ్యేదాకా ఒక్కరూ కదలొద్దు."

నిలబడ్డాం. మాలీలు, వాచ్‌మన్, నేను, ఆయన. అతిథుల్లో ఒక పెద్దాయన నా వైపు వచ్చి, "రండమ్మా, టిఫిన్ చేయండి" అన్నారు. "ఈ రోజు ఉపవాసమండీ" అన్నాను. కాలు తీస్తే తుంగ లేస్తుంది మరి. అప్పుడే పనిలో చేరిన నర్సింలు అనే మాలీ వేదిక పక్కన అన్నిటికన్నా పెద్ద దుబ్బు మీద బిగుసుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు అతన్ని సెక్యూరిటీ అనుకుని దూరం నుంచే నమస్కారాలు పెట్టారు. నిబంధనల్ని తుంగలో తొక్కే అధికారుల గురించి పేపర్లలో చదువుతుంటాం. తుంగనే తొక్కిన అధికారులం మేం.

విశ్వనాథం గారికి పార్కు అంటే ఫొటోలో కనిపించేదే. కోపమొస్తే మాలీల ముందే మమ్మల్ని, మా ముందే మాలీల్ని తిట్టేవారు. అది నేర్చుకోవద్దు. కానీ ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది.

కలుపు మందు వచ్చిన కొత్తలో అందరం సంబరపడ్డాం. ఆయన పడలేదు. మొదటిసారి కొట్టించిన రోజు గేటు దగ్గర కుర్చీ వేయించుకుని సాయంత్రం దాకా తనే కూర్చున్నారు, పిల్లల్ని, కుక్కల్ని, వాకర్లను వెనక్కి పంపుతూ. "గడ్డి కోసం చంపుతున్నాం, సరే. ఈ మట్టి తిరిగి తిరిగి ఎవరి నోటికి చేరుతుందో తెలియకుండా చంపకూడదు" అన్నారు. అప్పట్నుంచి ఎప్పుడు కనబడ్డా అదే ప్రశ్న. ఏ మూల ఎప్పుడు కొట్టించావు? ఆ తర్వాత వాన పడితే నీళ్ళు ఎటు పారాయి? కాగితం చూడకుండా చెప్పాలి. మొదట్లో చిరాకు పడ్డాను. పోనుపోను అది అలవాటయింది. ఇప్పటికీ పంజాగుట్టలో, అమీర్‌పేటలో ఏ మట్టి ఏం తాగిందో, వాననీళ్ళు ఎటు వాలుతాయో నాకు మా ఇంటి గదుల్లా తెలుసు. పూల పేర్లు గూగుల్ చెబుతుంది. ఈ సంగతి మాత్రం మీరే తెలుసుకుని చెప్పాలి.

నర్సింలు జేబు

సెక్యూరిటీగా గౌరవం పొందిన నర్సింలు చాలా ఏళ్ళు నా దగ్గర పంజాగుట్ట పార్కులో పనిచేశాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. వాళ్ళది మెదక్ వైపు పల్లె. భూమి వదిలి బోరబండకు వచ్చిన కుటుంబం. తల్లి మల్లవ్వ, ఈ ఒక్క కొడుకు.

మిగతావాళ్ళు తుంగను జుట్టు పట్టుకుని లాగేవాళ్ళు. నర్సింలు ఖుర్పీతో చుట్టూ మట్టి వదులు చేసి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, దారం తెగకుండా దండ పైకి తీసేవాడు. సాయంత్రానికి అతని చొక్కా జేబు ఉబ్బి ఉండేది.

"జేబులో ఏంటి నర్సింలూ?"

"గడ్డలు మేడమ్. మా అమ్మకు."

"తింటారా!"

"మీరు పల్లికాయ తినరా మేడమ్? గది సుత మట్టిలకెళ్ళే వచ్చె గదా."

దీనికి నా డిగ్రీలో జవాబు లేదు. ఎలా వండుతారని అడిగాను. పొర గీకి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెడితే చేదు పోతుందట. ఎండబెట్టి దంచి జొన్నపిండిలో కలిపితే రొట్టె. "నిప్పులల్ల కాలిస్తే ఇగ చెప్పొద్దు మేడమ్. మా అమ్మకు మటన్ వెట్టినా అట్ల తినది." అతని చిన్నతనంలో వరసగా వానలు పడకపోతే, ఎండిన చెరువు అడుగు నేలలో ఈ గడ్డలు తవ్వి మల్లవ్వ కొడుకును సాకిందట. అది చెప్పేటప్పుడు అతని గొంతులో బాధేమీ లేదు. సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్ళొచ్చినట్టు చెప్పాడు.

పార్కుల్లో మందు మొదలైన తర్వాత నేనే అతన్ని పిలిచి చెప్పాను. "ఇక వద్దు నర్సింలూ. ఇక్కడి గడ్డ ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళకు. అమ్మకు పెట్టకు."

"ఏడిది సుత వద్దా మేడమ్?"

"ఎక్కడిదైనా."

"సరే" అన్నాడు. ఆ తర్వాత అతని జేబు ఎప్పుడూ చదునుగానే ఉంది.

అంత మంచి పనివాడు ఉన్నా ఆ పార్కులో తుంగ పోలేదు. ఇది నా వృత్తి జీవితంలో పెద్ద మిస్టరీ. లాన్‌కు పడమటి అంచు నుంచి ప్రతి వానాకాలం మళ్ళీ పాక్కుంటూ వచ్చేది. వాకర్ల సంఘం అధ్యక్షులు ఒకాయన, బ్యాంకులో చేసి రిటైరైనవారు, నన్ను చూసినప్పుడల్లా, "ఏంటి మేడమ్ గారూ, తుంగకు పర్మనెంట్ ఉద్యోగం ఇచ్చేశారా?" అనేవారు. నేను నర్సరీవాళ్ళను అనుమానించాను. మట్టి లారీలను అనుమానించాను. చివరికి పిచ్చుకల్ని కూడా అనుమానించాను.

మల్లవ్వ మూసుకున్న నోరు

ఈ వానాకాలం ఒక పొద్దున నర్సింలు ఫోన్ చేశాడు. నేను రిటైరై కొంతకాలమైంది. పండక్కి ఫోన్ చేస్తాడు గానీ మామూలు రోజు చేయడు.

"మేడమ్, అమ్మను పంజాగుట్టల దవాఖానల వెట్టిన."

"ఏమైంది?"

"జ్వరం. తగ్గింది. కానీ తింటలేదు మేడమ్. జావ పోస్తే ఉమ్మేస్తుంది. ఇడ్లీ పెడితే మొకం తిప్పుకుంటది. ఇయ్యాల సాయంత్రం దాంక చూసి ముక్కులకెళ్ళి గొట్టం ఏస్తమంటున్నరు. సెలైన్ సూది పీకేసుకున్నది గదా. గొట్టం సుత పీకుతదని చేతులు కట్టేస్తరంట. మా అమ్మ చేతులు మేడమ్."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"రాత్రి ఒక్కటే మాట అన్నది. తుంగగడ్డ కావాలె అన్నది. గది తింటదేమో. మీరే వద్దన్నరు గదా మేడమ్, గందుకే మిమ్మల్నే అడుగుతున్న. ఏడ మందు కొట్టలేదో మీకే ఎరుక."

సెలవు పెట్టి బండి మీద వచ్చాడు. నేను గొడుగు, సంచి పట్టుకుని వెనక కూర్చున్నాను. కుర్రాళ్ళు లాప్‌టాప్ బ్యాగులతో కోచింగ్‌కు పరిగెడుతున్న అమీర్‌పేటలో, ఇద్దరు ముసలివాళ్ళం కలుపు మొక్క వెతుక్కుంటూ బయలుదేరాం.

వెతకాల్సిన అవసరమేముంది? వానాకాలం, ఎక్కడ చూసినా తుంగే. మెట్రో స్తంభాల కింద డివైడర్‌లో గుత్తులు గుత్తులుగా ఉంది. నర్సింలు బండి ఆపబోయాడు.

"వద్దు. వాటికి పోసేది మురుగు శుద్ధి చేసిన నీళ్ళు."

పంజాగుట్టలోని మా పాత పార్కుకు వెళ్ళాం. లాన్ అంచున మొక్కలు చూశాను. ఆకుల కొసలు పసుపు తిరిగి ఉన్నాయి. "మందు కొట్టి ఎన్నాళ్ళో కాలేదు. వద్దు."

ఒక హాస్టల్ వెనక ఖాళీ జాగాలో మోకాలెత్తు తుంగ. వంటామె అక్కడే గిన్నెలు కడుగుతోంది, గోడ పొడుగునా బొద్దింకల పొడి తెల్లగా చల్లి ఉంది. వద్దు. యూసుఫ్‌గూడ వైపు గోడ కట్టి వదిలేసిన ప్లాట్ ఒకటి గుర్తొచ్చింది. అందులో ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉండేదని కూడా గుర్తొచ్చింది. వద్దు.

మధ్యాహ్నం దాటింది. వాన జల్లు మొదలైంది. నర్సింలు బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"మేడమ్, ఒక మాట అంటే ఏమనుకోవద్దు. మీకు అన్నీ ఎరుకే. గింత ఎరుక ఉండి ఏం ఫాయిదా? ఊరంతా తుంగ ఉన్నది, మా అమ్మకు ఒక్క గడ్డ దొరకకపాయె."

అన్నది నిజమే కాబట్టి ఏమీ అనుకోలేదు. గొడుగు అతని మీదికి కూడా జరిపాను. అతను తడుస్తూనే ఉన్నాడు, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు.

"ఒక జాగ ఉన్నది" అన్నాడు చివరికి. "కానీ మీరు తిట్టొద్దు."

"ఎక్కడ?"

"మన పార్కుల్నే. పంప్ రూమ్ ఎనుక."

"అక్కడ కూడా కొట్టించానుగా! ప్రతిసారీ కొట్టించాను. పడమటి వైపు మొత్తం."

"మీరు చెప్పిండ్రు మేడమ్. నేను కొట్టలే." తల గోక్కున్నాడు. "మీరిప్పుడు రిటైరయిండ్రు గదా, చెప్పొచ్చు. గాడ తల్లిగడ్డలున్నయి. తుంగ తవ్వితే తల్లిగడ్డను ముట్టొద్దని మా అమ్మ నేర్పింది. పిల్లగడ్డలు తీసుకోవాలె, మొదటి గడ్డను మట్టి కప్పి ఇడిసిపెట్టాలె. కరువుల మనల సాకింది, దాని వంశం తీసేస్తే మన నోటికాడి ముద్ద పోతదంటది. లాన్ల మీరు తియ్యమన్నరు, తీసిన. గా ఒక్క మూలకు మాత్రం చెయ్యి రాలే."

"పడమటి అంచు" అన్నాను.

"ఆ."

"నర్సింలూ, నా సర్వీసంతా ఆ లాన్‌లోకి తుంగ అక్కణ్ణుంచే వచ్చిందన్నమాట!"

"అట్లనే ఉన్నది మేడమ్."

"విశ్వనాథం గారు నన్ను తిట్టినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావుగా!"

"ఉన్న. మస్తు బాధయ్యింది నాకు."

నవ్వు ఆపుకోలేకపోయాను. వానలో, రోడ్డు పక్కన, బండి సీటు మీద కూర్చుని నవ్వాను. అనుమానించినందుకు పిచ్చుకలకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. అతను మొదట భయపడ్డాడు, తర్వాత తనూ నవ్వాడు. పొద్దుట్నుంచి అదే మొదటిసారి.

"మరి నువ్వే తవ్వుకుని పోకపోయావా? నన్ను ఊరంతా ఎందుకు తిప్పావు?"

"ఎక్కడిదైనా వద్దన్నరు గదా మేడమ్ మీరు. నేను కొట్టలే, అది నిజం. కానీ పక్కకు కొట్టిన మందు నీళ్ళు ఏడికెళ్ళి ఏడికి పోతయో నాకేం ఎరుక? అమ్మకు వెట్టేది. మీరు చూసి చెప్పాలె."

పంప్ రూమ్ వెనక

కొత్తవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవండి. రుచి చూసి మట్టి మంచిదో కాదో చెప్పలేం. వాసన కూడా చెప్పదు. చుట్టూ చూడాలి, నేల వాలు చూడాలి, అక్కడ పనిచేసే మనిషిని అడగాలి. ఈ మూడింట్లో ఒక్కటి తేడాగా అనిపించినా తినకూడదు, పెట్టకూడదు.

పంప్ రూమ్ పార్కులో అన్నిటికన్నా ఎత్తున ఉంది. వాన నీళ్ళు అక్కణ్ణుంచి లాన్‌లోకి దిగుతాయి గానీ, లాన్ నుంచి అక్కడికి ఎక్కవు. జల్లు పడుతూనే ఉంది కాబట్టి ఆ పారుదల నా కళ్ళముందే కనిపించింది. గది గోడ అడ్డం ఉంది, లాన్‌లో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చినా ఆ గోడకు తగలాలి. వెనక్కి వెళ్ళి వంగి చూశాను. తుంగ సందుల్లో గలిజేరు పాకి ఉంది, పుల్లటి పులిచింత ఉంది. వానపాములు తోసిన మట్టి చిన్న చిన్న కుప్పలుగా ఉంది. మందు తగిలినచోట ఇంత సంసారం ఉండదు.

"ఇక్కడెప్పుడూ ఏమీ కొట్టలేదా? చీమల పొడి? ఎలకల మందు?"

"లే మేడమ్. అమ్మ మీద ఒట్టు."

ఆ ఒట్టుకు మించిన సర్టిఫికెట్ నేను ఉద్యోగంలో చూడలేదు. "తవ్వు" అన్నాను.

ఖుర్పీ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిల్లగడ్డలు ఒక్కొక్కటీ తుంచి నా సంచిలో వేశాడు. ప్రతి దుబ్బులోనూ మొదటి గడ్డను వదిలి, మట్టి కప్పి, అరచేత్తో ఒత్తాడు. నేనూ పక్కన కూర్చుని తవ్వాను. ఒకచోట పాత అలవాటు కొద్దీ నా వేళ్ళు మొదటి గడ్డ దాకా వెళ్ళిపోయాయి. అతను నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు. సర్వీసులో అంత చనువు ఎప్పుడూ తీసుకోలేదు.

మా ఇంటికి తెచ్చి పొర గీకి రెండుసార్లు ఉడకబెట్టాం. వంటింటి నిండా కర్పూరం వాసన. గ్యాస్ మంట మీద కాల్చబోతే నర్సింలు ఒప్పుకోలేదు. "గ్యాసు మీద కాలిస్తే అమ్మ పట్టేస్తది మేడమ్. నిప్పులే కావాలె."

అమీర్‌పేటలో బొగ్గు నిప్పులు ఎక్కడ దొరుకుతాయి? వానాకాలం మొక్కజొన్న కంకుల బండి ఉండగా ఫికర్ ఎందుకు? పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక బండి ఆపాం. బండతను గడ్డల్ని చూసి విసనకర్ర ఆపేశాడు.

"ఏంది అన్నా గివి? మేకపెంటికలు కాలుస్తవా నా పొయ్యిల?"

"మా అమ్మకు భాయ్. దవాఖానల ఉన్నది. ఏం తింటలేదు."

అతను కంకుల్ని పక్కకు నెట్టి నిప్పులు ఎగదోశాడు. గడ్డలు చిటపటలాడి, అక్కడక్కడ నల్ల మచ్చలు పడ్డాయి. వాటిని కాగితంలో పోస్తూ, "జర ఉప్పు నిమ్మకాయ రాయల్నా అమ్మకు?" అన్నాడు.

"ఉప్పు చాలు భాయ్."

వార్డులో

మల్లవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎప్పుడో పార్కుకు కొడుక్కి సద్ది తెచ్చినప్పుడు దూరం నుంచి చూసినట్టు గుర్తు. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. పక్కన స్టూలు మీద జావ తొరక కట్టి ఉంది.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కాగితం పొట్లం తెరిచి చూసింది. "ఏంటివి?"

"తుంగగడ్డలమ్మా. రెండుసార్లు ఉడికించాం, మెత్తగా ఉన్నాయి. ఏ మట్టిలోవో నేను చూశాను. అందులో మందు లేదు."

"మీరు డాక్టరా?"

"మొక్కల డాక్టర్నమ్మా. అది కూడా చంపే విభాగం."

ఆ అమ్మాయి పెదవి చివర నవ్వింది గానీ తొందరపడలేదు. అవ్వను లేపి కూర్చోబెట్టించి, చెంచాతో నీళ్ళు తాగించి, గొంతు కదలిక చూసింది. "మింగుతోంది. చిదిపి, కొంచెం కొంచెంగా పెట్టండి. దగ్గొస్తే ఆపేయండి. తినకపోతే మాత్రం సిస్టర్ ట్యూబు తెస్తుంది, ఇంక ఆలస్యం చేయలేను" అని పక్క మంచానికి వెళ్ళింది.

నర్సింలు ఒక గడ్డను వేళ్ళ మధ్య చిదిపి తల్లి ముక్కు దగ్గర పెట్టాడు. "అమ్మా."

మల్లవ్వ పెదాలు బిగించే ఉన్నాయి. ముక్కు పుటాలు కదిలాయి. కళ్ళు తెరిచింది.

"ఏడిదిరా?"

"పంజాగుట్టదమ్మా."

"పంజాగుట్టల తుంగ మొలుస్తదా?"

"మొలుస్తదమ్మా. ఎంత పీకినా మొలుస్తది."

అవ్వ కాసేపు కొడుకు గోళ్ళలోని మట్టి చూసింది. "తల్లిగడ్డ ఇడిసిపెట్టినవా?"

"ఇడిసిపెట్టినమ్మా."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

అప్పుడు నోరు తెరిచింది. నర్సింలు వేలికొసంత పెట్టాడు. దవడ నెమ్మదిగా కదిలింది. మేమిద్దరం ఆమె గొంతు వైపు చూస్తున్నాం. దిగింది. దగ్గు రాలేదు. ఇంకొంచెం పెట్టాడు. అదీ దిగింది. మూడోసారి చెయ్యి చాపేసరికి కసిరింది.

"పసిపిల్లకు వెట్టినట్టు వెడ్తున్నవేందిరా? ఇటు తే."

పొట్లంలోంచి తనే ఒకటి ఏరుకుంది. నల్లబడ్డచోట గోటితో గీకి, చిగుళ్ళ మధ్య పెట్టి ఒత్తింది. "సక్కగ కాలలే" అంది. ఇంకొకటి ఏరి కొడుకు నోటికి అందించింది. "నువ్వు తిన్నవా పొద్దుగాల నుంచి? మొకం సూడు, ఎట్లైందో." నర్సింలు మంచం పక్కన వంగి, తల్లి చేతిలోంచి తిన్నాడు. నమిలే వంకతో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అవ్వ చూపు నా మీద పడింది. "గీమె ఎవలు?"

"మా మేడమ్ అమ్మా. మాతోని తుంగ పీకిపిచ్చిన మేడమ్."

"గింత మంచి గడ్డను ఎందుకు పీకిపిచ్చినవ్ బిడ్డా?"

ఈ ప్రశ్నకు ఆఫీసు భాషలో చాలా జవాబులున్నాయి. అవ్వ సమాధానం కోసం ఆగలేదు, ఒక గడ్డ తీసి నా అరచేతిలో పెట్టింది. "తిను."

తిన్నాను. మొదట కాస్త చేదు తగిలింది, తర్వాత బొగ్గు వాసన, అన్నిటికన్నా చివర కొబ్బరి ముక్కలాంటి తీపి. అవ్వ నా మొహం వైపే చూస్తోంది. "బాగుంది అవ్వా" అన్నాను. తెలిసిన సంగతే కదా అన్నట్టు తల ఊపి, ఇంకొకటి ఏరుకోవడంలో పడింది. స్టూలు మీది జావ వైపు గడ్డం చూపించి, "గది సల్లగైంది, వేడిది తెప్పియ్యిరా, దీంతోని తాగుత" అంది కొడుకుతో.

అంతలో నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ కవరులో చుట్టలు చుట్టిన గొట్టం, టేపు, చేతులకు కట్టే మెత్తటి పట్టీలు. మంచం దగ్గరికి వచ్చి, "అవ్వా, జర వెనక్కి పండుకో" అంది.

మల్లవ్వ నోట్లోది ఇంకా మింగలేదు. మసి అంటిన చెయ్యి పైకెత్తి నర్సును ఆపింది. తీరిగ్గా నమిలి, మింగి, అప్పుడు మాట్లాడింది.

"ఆగు బిడ్డా. తింటున్న."